పాత లోగిళ్లు – కొత్త దీపములు

కట్టుటకు ఏండ్లు పట్టిన యింటిని పడగొట్టుటకు పది దినములు చాలును. గోదావరి డెల్టా గ్రామములలో తిరుగువారికి ఈ మాటను ఋజువు చేయ నక్కఱలేదు. పెనుగొండ, ఆచంట, మార్టేరు, పాలకొల్లు ప్రాంతముల వీధులలో నిన్నటి దనుక మండువా లోగిలి యున్న చోట నేడు ఖాళీ స్థలము కనబడును. కొన్ని మాసములలో అచ్చట కాంక్రీటు స్తంభములు లేచును. దూలములు ఒక లారీలోను, వాసములు వేఱొక లారీలోను తరలిపోవును. నగిషీ చెక్కిన ద్వారబంధము దూరపు నగరములో ఏ హోటలు గోడకో అలంకారమగును. అది ఏ యూరి యింటిదో, దానిని చెక్కిన వడ్రంగి యెవ్వడో అడుగువారుండరు.

ఇందులకు ఇంటి యజమానులను నిందించుట తేలిక. అది న్యాయము మాత్రము కాదు. నలుగురు వారసులలో ఒకరు హైదరాబాదులో, ఒకరు విశాఖపట్టణములో, ఒకరు అమెరికాలో నుండగా, ఊరిలో మిగిలిన ముసలివారు వానకు కారు పెంకులను ఎన్నిసార్లు సవరింపగలరు? చెదలు పట్టిన దూలమును మార్చవలెనన్న పనివాడు దొరకడు. దొరికినను అతని కూలికి యింటి ఆదాయము చాలదు. అట్టి యిల్లు అమ్ముడు పోవుటలో వింత లేదు. అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఒక కుటుంబమునకు బరువైన భవనము ఒక గ్రామమునకు బలము కాగలదా? లాభాపేక్ష లేని యొక సంఘము దానిని చేపట్టి, మరమ్మతు చేసి, గ్రంథాలయముగనో, సభామందిరముగనో, కళలు నేర్పు శాలగనో ప్రజల కీయగలదా? తెలుగునాట ఈ ప్రశ్నకు కొందఱు ఇదివఱకే సమాధానము చెప్పియున్నారు. ఆ సమాధానములను పెనుగొండవంటి యూళ్లు తెలిసికొనవలసి యున్నది.

పెనుగొండ యనగానే కొందఱు విద్యార్థులు రాయలసీమలోని పెనుకొండను తలచుకొందురు. ఈ పెనుగొండ వశిష్ఠ గోదావరి చెంతనున్న డెల్టా పట్టణము. వాసవీ కన్యకా పరమేశ్వరి ఆత్మాహుతి గాథకు నెలవైన క్షేత్రము. నగరేశ్వరస్వామితో కూడి యచ్చట వెలసిన అమ్మవారు ఆర్యవైశ్యుల యిలవేల్పు. వారి 102 గోత్రముల కథ ఈ యూరితోనే ముడిపడి యున్నది. దేశము నలుమూలలనుండియు, సముద్రముల కావలినుండియు భక్తులు వచ్చుచుందురు. ఆలయము నేడీ వైభవముతో నిలిచి యుండుట యే యొక్కరి ధనబలముచేతనో కాదు. తరతరములుగా ఎందఱో తమకు తోచినంత సమర్పించుటచేత. నలుగురి సొమ్ముతో నలుగురి ఆస్తిని నిలుపుకొనుట ఎట్లో ఈ యూరికి ఎవ్వరును క్రొత్తగా నేర్ప నక్కఱలేదు.

డెల్టాలోని పెద్ద యిండ్లకు వెనుక గోదావరి చరిత్ర యంతయు నున్నది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమ తలవ్రాతను మార్చినది. అంతకు ముందు వఱదకును కఱవునకును నడుమ నలిగిన భూములు, కాలువల నీటితో వరిచేలైనవి. పంట మిగిలినది, మిగిలిన పంట యిల్లయినది. మన్యపు అడవుల టేకు దుంగలు తెప్పలుగా కట్టబడి గోదావరి ప్రవాహము వెంబడి రాజమహేంద్రవరమునకు దిగివచ్చెడివి. రంగూనుతో తెలుగువారికి రాకపోకలున్న ఆ దినములలో బర్మా టేకు ఓడలమీద తీరమున కందెడిది. నేల యిచ్చిన ధాన్యము, నది తెచ్చిన కలప, పనివారి నేర్పు కలిసి మండువా లోగిలి రూపము దాల్చినవి.

ఆ యింటి కట్టడిలో గొప్ప వివేక మున్నది. నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా. దాని చుట్టును నాలుగు ప్రక్కల లోపలికి వాలిన పెంకుటి కప్పు. ఆ కప్పును మోయు కఱ్ఱ స్తంభములు. వాని వెనుక గదులు. వేసవిలో వేడిగాలి మండువా దారిని పైకి పోవును. వీథి అరుగుమీదుగా, పెరటి వాకిలినుండి చల్లగాలి లోనికి వచ్చును. వానాకాలమున నలుప్రక్కల చూరులనుండి జాఱిన నీరు మండువాలో పడి తూమున వెలికి పోవును. ఎత్తయిన పునాది వఱద నీటిని గడప దాటనీయదు. మందమైన సున్నపు గోడ పగటి యెండను వెంటనే లోనికి రానీయదు. కరెంటు లేని కాలమున మనుష్యులు నూఱు వేసవులు గడుపుటకు తగినట్లు ఆలోచించి కట్టిన యిల్లది. నేడు యంత్రములతో చల్లబఱచుకొను గదులలో కూర్చుండి కరెంటు బిల్లు చూచి నిట్టూర్చువారు ఈ యిండ్ల నొక పాఠముగా చదువుకొనవచ్చును.

ఇండ్లతోపాటు మాటలును పోవుచున్నవి. అరుగు, గడప, పంచపాళి, చావడి, వసారా, అటక, దూలము, వాసము, పెణక, చూరు, గూడు, నూతిగట్టు – వీనిలో ఎన్నింటికి నేటి తొమ్మిదవ తరగతి విద్యార్థి అర్థము చెప్పగలడు? నిఘంటువు చూచి చెప్పవచ్చును. చూపి చెప్పుటకు వస్తువు లేదు. పూర్వకావ్యములలో ఇంటి వర్ణన వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు నల్లబల్లమీద బొమ్మ గీయవలసి వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఈ ప్రమాదమును ముందే గుర్తించినది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వెలువడినది. గృహనిర్మాణ పదముల సంపుటమునకు బూదరాజు రాధాకృష్ణ పూనుకొనిరి. ఊరూర వడ్రంగులను, తాపీ పనివారిని అడిగి సేకరించిన మాటలవి. మాట పుస్తకములో నిలిచినది, సంతోషమే. ఆ మాటకు అర్థమైన దూలము యింటిమీద నిలిచినప్పుడే సేకరణ సార్థకమగును.

ఈ పెద్ద యిండ్లు, కోటలు, గడీలు దిక్కులేనివగుటకు కారణములు కలవు. మద్రాసు రాష్ట్రమున 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము జమీందారీల నంతము చేసినది. హైదరాబాదు రాష్ట్రమున 1949లో జాగీరుల రద్దు జరిగినది. ఆ చట్టములు న్యాయమైనవి. కౌలురైతు బ్రదుకునకు వెలుగు తెచ్చినవి. అయితే శిస్తులతో నడచిన భవనములకు శిస్తు పోగానే నూనె లేని దీపముల గతి పట్టినది. వారసులు విడిపోయిరి. గదులు పంపకము లయినవి. ఒక గది కప్పు కూలినను ప్రక్కగదివాడు పట్టించుకొనలేదు. కొన్ని ప్రభుత్వ కార్యాలయము లయినవి, కొన్ని బడులైనవి, పెక్కులు గబ్బిలములకు నివాసము లయినవి.

ఇట్టి గతినుండి ఒక కట్టడమును మరలించిన కథ దోమకొండది. తెలంగాణలోని కామారెడ్డి జిల్లాలో, హైదరాబాదునకు ఇంచుమించు నూఱు కిలోమీటర్ల దూరమున ఈ గ్రామ మున్నది. కామినేని వంశీయుల సంస్థానమునకు ముఖ్యస్థానమై వెలసిన దోమకొండ కోట 18వ శతాబ్దమునాటిది. కోట ప్రాకారము లోపల కాకతీయ శిల్ప సంప్రదాయమునకు చెందిన మహాదేవుని ఆలయ మున్నది. సున్నపు నగిషీలతో అలరారు అద్దాల మేడ యున్నది. సంస్థానములు పోయిన పిమ్మట ఆదరణ తగ్గి, గోడలు బీటలు వాఱి, కప్పులు కూలి, కోట శిథిలావస్థకు వచ్చినది. ఆ వంశమువారే పూనుకొని దోమకొండ కోట, గ్రామాభివృద్ధి ట్రస్టు నేర్పఱచి పునరుద్ధరణకు దిగిరి. ఆ ట్రస్టు పేరులో కోట ప్రక్కనే గ్రామము నిలిచి యుండుట గమనింపదగినది.

పని ఒక్క యేట ముగిసినది కాదు. పాత పత్రములను పరిశీలించి, కట్టడమును అంగుళ మంగుళము కొలిచి, ఏ గోడకు ఏ వస్తువు పూర్వము వాడిరో తెలిసికొని, ఆ వస్తువుతోనే ఆ గోడను సరిచేయవలెనని నిశ్చయించుకొనిరి. ఓపికతో పెక్కేండ్లు సాగిన ఈ కృషిని ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ యునెస్కో 2022లో గుర్తించినది. ఆసియా పసిఫిక్ ప్రాంతపు వారసత్వ పరిరక్షణ పురస్కారములు ఆ యేడు ఆఱు దేశములలోని 13 నిర్మాణములకు లభించినవి. వానిలో దోమకొండ కోటకు మెరిట్ పురస్కారము దక్కినది. గోలకొండలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు బాగుచేసిన మెట్లబావులకును అదే యేట వేఱొక పురస్కారము వచ్చినది. ఒక్క యేట తెలంగాణకు రెండు గౌరవములు.

న్యాయనిర్ణేతలు దోమకొండను మెచ్చుకొన్న కారణము ముఖ్యము. కోట అందముగ తయారైనదని మాత్రమే వారనలేదు. ఒక ప్రైవేటు ప్రయత్నము గ్రామీణ ప్రాంతములోని కట్టడమును కాపాడి, దానిని సాంఘిక, సాంస్కృతిక కార్యక్రమములకు ప్రజాస్థలముగా మార్చినదనియు, ఆ యూరి సంస్కృతికిని ఆదాయమునకును అది యాధారమగుచున్నదనియు గుర్తించిరి. అనగా గోడ బాగుపడుట సగము పని. ఆ గోడ నీడను మనుష్యులు కూడుట తక్కిన సగము.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడక మానదు. దానిని దాటవేయుట తగదు. గడీ యనగా తెలంగాణ పల్లెలలో పెక్కుచోట్ల వెట్టిచాకిరికి గుర్తు. దొర యెదుట చెప్పులు చేతబట్టుకొని నడచిన తాతల జ్ఞాపకము ఇంకను చల్లాఱలేదు. 1946 నుండి 1951 వఱకు సాగిన రైతాంగ పోరాటము ఆ గడీల మీదనే తిరుగబడినది. గోదావరి సీమలోను పెద్దయింటి అరుగు దాటి లోనికి పోవుటకు అర్హత లేదని వెలియుంచబడిన కులములు కలవు. అట్టి యిండ్లను ప్రజలెందుకు కాపాడవలెను? కూలిపోనిండు, అనువారున్నారు. వారి మాటలో చరిత్ర కలదు, గాయము కలదు.

అయినను ఆలోచింపవలసిన దింకొకటి యున్నది. ఆ మేడను మోసినది ఎవరి భుజములు? సున్నమును గానుగ ఆడించినది, రాతిని పగులగొట్టినది, దూలమును పైకెత్తినది, స్తంభముమీద తామరపూవు చెక్కినది దొర కాదు. ఆ నేర్పంతయు శ్రామికులది, శిల్పులది. ఇల్లు కూలినప్పుడు దొర పేరు కాగితములలో మిగులును; పనివాని సంతకము ఆ యింటితోనే మట్టిగలియును. కావున అట్టి కట్టడమును బాగుచేయునప్పుడు దొరల చిత్రపటములతోపాటు దానిని కట్టిన చేతుల కథను, అందు జరిగిన అన్యాయముల కథను గూడ చెప్పవలెను. తాత వాకిట నిలువబడిన యింటిలో మనుమరాలు నడిమి హాలున కూర్చుండి పుస్తకము చదువగలిగినచో, ఆ యింటి చరిత్ర ఒక తీర్పు నొందినట్లగును. కూల్చివేతచేత ఆ తీర్పు లభింపదు.

విజయనగరము వేఱొక మార్గమును చూపినది. 1713లో పునాదిపడిన ఆ కోటను పి.వి.జి.రాజు 1958లో తాము స్థాపించిన మాన్సాస్ ట్రస్టు ద్వారమున విద్యాసేవకు సమర్పించిరి. ఒకనాడు సైనికులు కావలి కాచిన ప్రాకారములోనికి నేడు విద్యార్థినులు పుస్తకములతో నడచిపోవుచున్నారు. విజయనగరమునకు ఈ సంస్కారము క్రొత్త కాదు. 1919లో మహారాజుల పోషణమున వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు తరువాత ఆ పీఠము నలంకరించిరి. ఘంటసాల వెంకటేశ్వరరావు అచ్చట విద్యార్థి. అయితే ఒక హెచ్చరికయు విజయనగరమునుండియే వచ్చినది. 2020లో ఆ కోటలోని మోతీమహలు కూల్చివేత మీద తీవ్రమైన వివాదము చెలరేగినది. ట్రస్టు ఏర్పడినంత మాత్రమున కట్టడమునకు అభయము దొరకినట్లు కాదు. పాతబడినదానిని తీసివేయుటయా, నిలువబెట్టుటయా అను ప్రశ్న ప్రతి తరమును కొత్తగా ఎదుర్కొనుచునే యుండును.

ఇంటిని, తోటను ప్రజాహితమునకు ధారవోయుట గోదావరి తీరమున నూఱేండ్లకు పైబడిన సంప్రదాయము. కందుకూరి వీరేశలింగము 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యావదాస్తిని దానికి వ్రాసి యిచ్చిరి. జమీందారు కాదు, రాజు కాదు. బడిపంతులుగా బ్రదికిన మనుష్యుడు. ఆ ఆస్తిమీద విద్యాసంస్థలు వెలసినవి. రాజమహేంద్రవరమున ఆయన యిల్లు నేడు స్మారక గృహముగా నిలిచియున్నది. తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11న ఆ పట్టణములో జరిపించిన మహనీయుని గదులను చూచి వచ్చిన బాలిక, సంఘసంస్కరణ యను మాటను పరీక్షకొఱకు బట్టీపట్ట నక్కఱలేదు. అదే పట్టణమున 1898 నాటి మూలముగల గౌతమీ గ్రంథాలయము కలదు. దామెర్ల రామారావు చిత్రశాల కలదు. ధవళేశ్వరమున కాటన్ పేర ప్రదర్శనశాల కలదు. ఇవన్నియు ఎవరో యొకరు ఇది నాది యను మాటను ఇది మనది యని మార్చుటచే మిగిలినవి.

ఇంగ్లండులో ఈ భావము ఒక పెద్ద సంస్థ యైనది. 1895లో ఆక్టేవియా హిల్ మొదలగువారు నేషనల్ ట్రస్టును స్థాపించిరి. మఱుసటి యేట ఆ సంస్థ కొన్న మొదటి భవనము రాజప్రాసాదము కాదు. ఆల్ఫ్రిస్టన్ గ్రామమున పూరికప్పు గల యొక మతాచార్యుని పాత యిల్లు. వెల పది పౌనులు. 1937 నాటి చట్టముతో ఒక వీలు కలిగినది: పెద్ద భవనముల యజమానులు తమ యింటిని దాని పోషణకు తగిన నిధితోసహా ట్రస్టున కిచ్చి, తాము అందొక భాగమున నివసించుచు, తక్కిన భాగమును ప్రజల దర్శనమునకు విడువవచ్చును. యజమానికి గౌరవము మిగులును, ఇంటికి ఆయువు మిగులును, ప్రజలకు ప్రవేశము దొరకును. తాతయిల్లు అమ్మలేక, నిలుపలేక తల్లడిల్లు డెల్టా కుటుంబములకు ఈ పద్ధతి ఆలోచింపదగినది.

ఇక పని వివరములకు వత్తము. సదుద్దేశముతో పాడుచేయబడిన కట్టడములు నిర్లక్ష్యముతో పాడైనవానికంటె తక్కువ కావు. పాత సున్నపు గోడమీద సిమెంటు పూయుట వీనిలో మొదటి దోషము. సున్నము తేమను పీల్చుకొని మరల వెలికి వదలును. గోడ ఊపిరి తీయును. సిమెంటు ఆ తేమను లోపలనే బంధించును. కొన్నేండ్లకు గోడ లోలోపల కుళ్లి, పూత పెళ్లలుగా రాలును. పూర్వపు తాపీవారు సున్నమును నీటిలో నానబెట్టి, పులియనిచ్చి, ఇసుకతో గానుగ ఆడించి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి వాడెడివారు. ఆ పనికి ఓపిక కావలెను. ఆ పని తెలిసిన ముసలి తాపీవాడు కావలెను. అట్టివాడు మండలమున కొకడైన నున్నాడో లేడో! కావున ప్రతి పునరుద్ధరణయు ఒక బడి కావలెను. ముసలి తాపీవానికి ప్రక్కగా ఇద్దఱు యువకులు నిలిచి పని నేర్చుకొననిచో, గోడ బాగుపడినను ఆ విద్య సమాధి యగును.

రెండవది నీరు. డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. దానితోపాటు పునాది కదలును; గోడ బీట వాఱును. కప్పున జరిగిన ఒక్క పెంకు, గోడ సందున మొలిచిన ఒక్క రావిమొక్క, పూడిపోయిన ఒక్క తూము చాలును, మండువాను మడుగు చేయుటకు. అందుచేత రంగులకును, దీపములకును ముందు చేయవలసినది కప్పు సవరణ, తూముల శుద్ధి, చెదల నివారణ. ప్రారంభోత్సవమునకు పెట్టు ఖర్చులో సగము ఏటేట పెంకులు సవరించుటకు దాచిపెట్టిన సంఘము తన యింటిని రెండు తరములు కాపాడగలదు.

మూడవది హక్కు, ధనము. ఆస్తిపత్రములు తేలని యింటిమీద పెట్టిన డబ్బు వ్యాజ్యములపాలగును. వారసు లందఱి అంగీకారముతో రిజిస్టరయిన దస్తావేజు, లెక్కలు బహిరంగముగా చూపు సంఘము, ఊరి ప్రతినిధులకు అందు స్థానము – ఈ మూడును లేనిదే మొదటి యిటుకను గూడ ముట్టరాదు. ధనమునకు మార్గములు లేకపోలేదు. 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక బాధ్యతకు వెచ్చింపవలెనని విధించినది. అందుకు అంగీకరింపబడిన పనులలో చారిత్రక కట్టడముల పునరుద్ధరణయు, ప్రజాగ్రంథాలయముల స్థాపనయు కలవు. పరదేశములలో స్థిరపడిన డెల్టా బిడ్డలు తమ యూరికి ఏటేట పంపు సొమ్ముతో గుడులు, సిమెంటు రోడ్లు, పాఠశాల గదులు వెలయుచునే యున్నవి. ఆ జాబితాలో ఒక లోగిలి చేరుట అసాధ్యము కాదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము వేఱొకటి. బాగుపడిన భవనము ధనికుల పెండ్లిండ్లకు, ఛాయాచిత్రములకు మాత్రమే తెఱచుకొని, ఊరివారికి మూతపడుట. పెండ్లి అద్దె తప్పు కాదు; కప్పు సవరణకు డబ్బు కావలెను గదా! కాని యేడాదికి ఇరువది దినములు అతిథులకు వెలిగి, తక్కిన దినములు తాళము పడి యున్న కోట ప్రజల కోట యెట్లగును? పునరుద్ధరణకు సరియైన పరీక్ష ఒక మామూలు బుధవారపు సాయంకాలము. ఆనాడు ఆ గుమ్మమున ఎవరు లోనికి పోవుచున్నారు? పొలమునుండి వచ్చిన కూలీ యింటి పిల్లవాడు పత్రిక చదువుచున్నాడా? ఒక మూల హరికథో, బుఱ్ఱకథో నేర్పుచున్నారా? వృద్ధులు అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనుచున్నారా? ఈ ప్రశ్నలకు అవునని సమాధానము వచ్చిననాడు పెట్టిన రూపాయి సార్థకము.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇందులో కర్తవ్య మేమి? ధనము వారివద్ద లేదు, అధికారమును లేదు. వారివద్ద నున్నది చూచు కన్ను, వ్రాయు చేయి. 1976లో రాజ్యాంగమున చేరిన ప్రాథమిక విధులలో దేశపు సమ్మిళిత సంస్కృతీ వారసత్వమును గౌరవించి కాపాడుట యొకటి. పౌరశాస్త్ర పాఠములో ఆ వాక్యమును చదివించిన మఱునాడు పిల్లలను ఊరిలోని పాత యింటికి తీసికొనిపోవచ్చును. లెక్కల తరగతి దాని పొడవు వెడల్పులు కొలిచి నమూనా గీయవచ్చును. తెలుగు తరగతి వడ్రంగి నడిగి ఇంటి భాగముల పేర్లు వ్రాసికొనవచ్చును. సాంఘికశాస్త్రపు తరగతి ఊరి పెద్దలను – ఆ యింటిలో కూర్చున్నవారిని, ఆ యింటి వెలుపల నిలువబడినవారిని గూడ – అడిగి కథలు సేకరింపవచ్చును. ఇట్లు చేసిన నోటుపుస్తక మొకటి బడి బీరువాలో నున్నచో, ఇల్లు కూలినను దాని రూపము మిగులును. ఒక్కొక్కప్పుడు ఆ నోటుపుస్తకమే ఇల్లు కూలకుండ కాపాడును. తమ యింటిలో ఇంత విలువ యున్నదని పిల్లల చేతివ్రాత చూచిన పిమ్మట తెలిసికొను యజమానులు లేకపోరు.

పెనుగొండ ప్రాంతమున ఇంకను కొన్ని లోగిళ్లు నిలిచియున్నవి. అన్నిటిని కాపాడుట సాధ్యము కాదు; అందఱు యజమానులు ఇయ్యనక్కఱయు లేదు. మండలమునకు ఒక్కటి చాలును. ఒక కుటుంబము ఇచ్చుటకును, ఒక సంఘము పూనుకొనుటకును, ఒక యూరు వాడుకొనుటకును సిద్ధపడిన ఒక్క యిల్లు. అమ్మవారి గుడికి ఏ శిక్షణయు లేకయే తలా ఒక చేయి వేసిన యూరివారికి, ఆ గుడికి కూతవేటు దూరమున సరస్వతికి ఒక పాత యింటిని సిద్ధపఱచుట మించిన పని కాదు. దోమకొండ చేసినది, విజయనగరము చేసినది, నూఱేండ్ల క్రిందటనే రాజమహేంద్రవరమున ఒక పంతులు చేసెను. రాబోవు వానకాలములోగా కనీసము కప్పుమీది పెంకులనైన సవరించుకొన్నచో, తక్కిన ఆలోచనకు కొంత వ్యవధి దొరకును. ఆ వ్యవధి నేడున్నది. మఱి రెండు మూడు వానలు గడచిన పిమ్మట ఉండునని చెప్పజాలము.